రెండేళ్ళ పచ్చి గాటు

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు రఘుపతి జీపు ముళ్ళకంచె దాటి కావలి గది ముందు ఆగింది. మేజర్ ఎల్లేశం అప్పటికే గుమ్మంలో నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"పది నిమిషాలు ఆలస్యం."

"దేవరకొండ దాటాక ఉన్నదాన్ని రోడ్డు అనరు మేజర్ గారూ. మూడు చోట్ల దిగబడ్డాను. మనిషి ఎక్కడ?"

"మనిషి కాదు, గూఢచారి."

"అది తేల్చమనే కదా కలెక్టరు గారు నన్ను నల్లగొండ నుంచి పంపింది!"

మేజర్ నవ్వలేదు. పోలీసు శాఖలో ఇరవై ఏళ్ళు చేసి, పై అధికారితో పడక బయటికొచ్చి, ఇప్పుడు సొంతంగా అపరాధ పరిశోధన చేసుకుంటున్న మనిషంటే సైనికుడికి ఎంత గౌరవం ఉంటుందో అంతే చూపించాడు. కుర్చీ కూడా చూపించలేదు.

"సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఈ కొండ కింద షెడ్డులో ఉన్నది డేగ. అంతరిక్ష నౌకాదళం కోసం తయారైన తొలి యుద్ధనౌక నమూనా. జానెడు కడ్డీ ఒకటి పెడితేనే దాని ఇంజన్ వెలుగుతుంది. ఇవాళ తెల్లవారుజామున ఆ కడ్డీ పోయింది. ఐదు ఇరవైకి షెడ్డులో గుర్వయ్య అనే ఈ గొర్రెలవాడు దొరికాడు. సాయంత్రం ఐదింటికి దళం పెద్దలు వస్తారు. వాళ్ళ కళ్ళముందు ఇంజన్ వెలగాలి. వెలగకపోతే వీడు వాళ్ళ బండిలోనే సైనిక కోర్టుకు వెళతాడు. పైలట్ అనుమతి లేకుండా ఆ కడ్డీ ముట్టుకున్నవాడికి మా నిబంధనల్లో ఒకటే శిక్ష. కాల్చివేత."

"అంటే నాకున్నది నాలుగు గంటలు."

"మూడు గంటల యాభై నిమిషాలు."

గదిలో ఒక బల్ల. దాని మీద గుర్వయ్య దగ్గర దొరికిన వస్తువులు: నల్ల గొంగడి, చేతికర్ర, పొగాకు తిత్తి, చిన్న కత్తి, గొర్రెలకు మందు పోసే వెదురు బొంగు. గొర్రె నోట్లో పెట్టడానికి వీలుగా బొంగు కొస ఏటవాలుగా చెక్కి, నోటికి ఊలు ఉండ కుక్కి ఉంది. ఇంగువా వేపాకూ కలిసిన కంపు గదంతా కొడుతోంది.

"అన్నీ వెతికారా?"

"గొంగడి పోగు పోగూ విప్పించాను," అన్నాడు మేజర్, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటూ.

బల్లకు ఎదురుగా గోడ మీద దండ వేసిన ఫొటో. పైలట్ దుస్తుల్లో పాతికేళ్ళ యువతి. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ. కింద: ఫ్లయిట్ లెఫ్టినెంట్ మంజులత, వీరమరణం 11-5-1964.

"మొదటి డేగ పైలట్," అన్నాడు మేజర్. "నౌక లేచిన రెండు నిమిషాలకే ఆకాశంలో బూడిదైంది. నా కళ్ళతో చూశాను. నివేదిక రాసింది నేనే."

"అప్పటికి మీరు కెప్టెన్."

"అయితే?"

"ఏం లేదు. మరి షెడ్డులో ఉన్నది?"

"రెండో నౌక. మూడు రోజుల కిందట లారీ మీద వచ్చింది."

రఘుపతి జేబులోంచి సోపు గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు. ఆలోచన పనిలో పడ్డప్పుడు అతనికి అది అలవాటు.

*

మొదట జవాను చెన్నయ్యను పిలిపించాడు. ముప్పై ఏళ్ళవాడు, కొల్లాపూర్ మనిషి. నిటారుగా నిలబడ్డాడు గాని కళ్ళు మాత్రం మేజర్ బూట్ల మీదే ఉన్నాయి.

"నువ్వే పట్టుకున్నావా?"

"నేనే సార్. ఐదు మీద ఇరవై నిమిషాలకు. షెడ్డులకెళ్ళి గొర్రెపిల్ల అరుస్తాందని పోయిన. చూస్తే గీయన పిల్లను సంకల వెట్టుకొని దిగుతాండు."

"దిగుతున్నాడా? దేని మీంచి?"

చెన్నయ్య ఒకసారి మేజర్ వైపు చూశాడు. "దిగుడు కాదు సార్. నిలవడ్డడు."

"అంతకు ముందు ఎక్కడున్నావు?"

"ఉత్తరం దిక్కు కంచె కాడ. రెండింటి సంది."

"చప్పుడేమన్నా విన్నావా?"

"ఏం లేదు సార్, ఏం లేదు." అడగడం పూర్తికాకముందే జవాబు వచ్చేసింది.

"చేతులు చూపించు."

పది గోళ్ళ కింద బూడిదరంగు పెయింటు. ఇంకా మెరుస్తోంది.

"రాత్రంతా కంచెకు రంగులేసినవా చెన్నయ్యా?"

"చాలు," అన్నాడు మేజర్. "నా జవానును విచారించడానికి కాదు మిమ్మల్ని పంపింది. చెన్నయ్యా, బయటికి!"

రఘుపతి ఆపలేదు. చిన్న నోటు పుస్తకంలో రెండు మాటలు రాసుకున్నాడు: దిగుతాండు. రంగు.

*

గుర్వయ్యను పక్కగదిలో కట్టేశారు. యాభై దాటిన మనిషి. చేతులు వెనక్కి విరిచి కిటికీ ఊచకు తాడు బిగించారు. మరో ఊచకు గొర్రెపిల్ల. నెల తిరగని పిల్ల, నల్లటి ఒళ్ళు, నుదుట తెల్ల చుక్క. గొంతు బొంగురుపోయేలా అరుస్తోంది.

రఘుపతి ఇంకా కూర్చోకముందే గుర్వయ్య మాట్లాడాడు.

"సారూ, నన్నేమన్న చెయ్యుండ్రి. జర దానికి ఇన్ని పాలు తాపియ్యుండ్రి. పొద్దటి సంది అరుస్తాంది."

"తాపిద్దాం. ముందు చెప్పు, లోపలికెందుకు వచ్చినవు?"

"పిల్ల అరిసింది. వచ్చిన."

"కంచె ఉంది. తుపాకులున్నయి."

"పిల్ల అరుస్తుంటె కంచె కానొస్తదా సారూ?"

"కడ్డీ ఎక్కడుంది?"

గుర్వయ్య నోరు మూతపడింది. మేజర్ ముందుకు వంగి గడ్డం పట్టుకుని తల పైకెత్తాడు.

"పొద్దుటి నుంచి ఇదే! ఈ ఒక్క ప్రశ్నకే మూగవాడవుతాడు."

"గమనించారా మేజర్ గారూ, తెలియదని ఒక్కసారి కూడా అనలేదు," అన్నాడు రఘుపతి. "అబద్ధం నాలుక మీదికి రాని మనిషి. ఇట్లాంటి గూఢచారిని నేనెక్కడా చూడలేదు."

గొర్రెపిల్ల దగ్గర మోకాలి మీద కూర్చున్నాడు. కుడి చెవికి రెండు గాట్లు. ఎడమ చెవి కొస తీసేశారు. అంచులు ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి. అద్దిన పసుపు ఇంకా రాలలేదు. ఒక్క రోజు పుండు. మహా అయితే రోజున్నర.

"ఈ గాట్లు ఎవరు పెట్టిండ్రు గుర్వయ్యా?"

"నేనే."

"ఎప్పుడు?"

"మా అన్నదమ్ములం ఏరువడక ముందు."

"ఏరువడి ఎన్ని రోజులాయె?"

"రెండేండ్లు."

మేజర్ చప్పట్లు కొట్టాడు. "విన్నారుగా! రెండేళ్ళ కిందట కోసిన చెవి, నిన్నటి రక్తం! వీడు గొర్రెపిల్లను సాకుగా తెచ్చుకున్నాడు. తనదేనని నమ్మించడానికి రాత్రే చెవి కోశాడు. మీ అబద్ధమాడని మనిషి సంగతి ఇదీ!"

రఘుపతి గుర్వయ్య కళ్ళలోకి చూశాడు. ఆ కళ్ళలో భయం ఉంది, కాని తన గురించి కాదు. మాటిమాటికీ అవి తెరిచి ఉన్న తలుపులోంచి అవతలి గదిలోని బల్ల మీదికి పోయి వస్తున్నాయి.

*

రెండు గంటలా పన్నెండు నిమిషాలకు షెడ్డు తలుపులు తీశారు.

డేగ రెక్కలు ముడుచుకుని, పట్టాల మీద, నలభై అడుగుల పొడవున కూర్చుని ఉంది. కిటికీలు లేవు. ముక్కు కింద రెండు ఫిరంగి గొట్టాలు. పొట్ట అంతా మాడి నల్లబడింది. కుడి రెక్క మీద 'డేగ' అని పాత అక్షరాలు. పక్కన పెద్ద అంకె: 2. రఘుపతి దాని మీద బొటనవేలు ఆనించాడు. వేలికి రంగు అంటుకుంది.

"మూడు రోజుల కిందట వచ్చిన నౌకకు అంకె ఇవాళ వేశారా?"

"తనిఖీ ఉంది కాబట్టి."

"పొట్ట ఎందుకు మాడింది?"

"ఫ్యాక్టరీలో పరీక్ష."

రఘుపతి తోక దాకా నడిచాడు. లోహం మీద అరచేయి పెట్టి తీశాడు. చేతికి జిడ్డు తగిలింది. నూనె కాదు, గ్రీజు కాదు. నౌక మొత్తానికి, ముక్కు నుంచి తోక దాకా, ఒకే మందాన పలచని పొర. వేళ్ళు రుద్దుకుని వాసన చూశాడు. వాసన లేదు. కాని ఆ జిడ్డు అతనికి కొత్త కాదు. పోలీసు రోజుల్లో దొంగతనం జరిగిన ఇళ్ళల్లో, యజమానుల తాళంచెవుల మీద సరిగ్గా ఇలాంటి పొరే కనిపించేది. మారు తాళంచెవి చేయించడానికి ఎవరో మైనంలో అచ్చు తీసుకున్నాక మిగిలే పొర.

నలభై అడుగుల నౌకకు అచ్చు ఎవరు తీస్తారు?

మేజర్‌కు ఏమీ చెప్పకుండా నిచ్చెన ఎక్కాడు.

లోపల ఒకే సీటు. కడ్డీ ఉండాల్సిన చోట గుండ్రటి రంధ్రం. సీటు కింద వంగి టార్చి వేశాడు. నల్లటి చిన్న గుళికలు. గొర్రెపిల్ల పెంటికలు. పదిహేను దాకా ఉన్నాయి. కొన్ని ఎండాయి, కొన్ని మెత్తగా ఉన్నాయి. పక్కనే ఊలు దారంతో మెలేసిన చిన్న తాడు.

అప్పుడు వినిపించింది. టిక్. టిక్. టిక్.

సీటు ముందు కీ ఇచ్చే గడియారం. కింద ఇత్తడి రేకు మీద 'రోజుకొకసారి కీ ఇవ్వవలెను' అని చెక్కి ఉంది. రఘుపతి తన గడియారం చూసుకున్నాడు. రెండుంబావు. నౌక గడియారంలో ఎనిమిది ముప్పై ఐదు. తేదీ గడిలో 12.

ఇవాళ మే 17.

"దీనికి కీ ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. నౌకలోకి నేను తప్ప ఎవరూ రాలేదు. అది తప్పు నడుస్తోంది," కింది నుంచి అరిచాడు మేజర్. "కడ్డీ గడియారంలో లేదు రఘుపతి గారూ! వాడి నోట్లో ఉంది. నాకు వదిలేయండి, పావుగంటలో కక్కిస్తాను."

"ఐదు దాకా అతను నా మనిషి. ఒంటి మీద ఒక్క దెబ్బ పడినా కలెక్టరు గారికి రాసే కాగితంలో మొదటి పేరు మీదే." రఘుపతి నిచ్చెన దిగాడు. "నేను మంద దాకా వెళ్ళొస్తాను."

"గొర్రెలను విచారిస్తారా?"

"మీ మనుషుల కంటే అవే నయమేమో!"

*

కంచెకు రెండు ఫర్లాంగుల అవతల, కోసేసిన జొన్న చేనులో గుర్వయ్య మంద ఉంది. చొప్ప పందిరి ముందు గుర్వయ్య భార్య బీరమ్మ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. జీపును చూడగానే పందిరికి అడ్డంగా జరిగింది.

"మా ఆయన్ను సంపుతరా సారూ?"

"సంపనీయొద్దనే వచ్చిన. ఒక్క సంగతి చెప్పాలె. కుడి చెవికి రెండు గాట్లు, ఎడమ చెవి కొస తీసేసుడు. ఎవరిది ఆ గుర్తు?"

"ఇప్పుడు ఎవ్వలిది గాదు."

"అంటే?"

"అన్నదమ్ములు కలిసున్నన్నాళ్ళు మా ఇంటి గుర్తు అదే. ఏరువడ్డంక ఆ గుర్తు ఎవ్వలూ పెట్టరు. పెడితే నీదంటె నీదని మళ్ళ కొట్లాట. ఆ చెవి కోసే కత్తిని వంచి బీరప్ప గుళ్ళె పెట్టినం. తుప్పు వట్టి ఆడనే ఉన్నది, పోయి సూసుకోండ్రి. ఇప్పుడు మాది ఎడమ చెవి నడుమ ఒక్కటే గాటు."

మందలో ఈ ఏటి పిల్లలన్నిటి చెవులకూ ఒకే గాటు. దొంగ సాకు కోసం చెవి కోసేవాడు ఇవాళ్టి గుర్తు కోస్తాడు. చచ్చిపోయిన గుర్తు కోయడు. ఏ గొల్లా కోయడు, ఏ కురుమా కోయడు.

"నుదుట తెల్లచుక్క ఉన్న నల్ల పిల్ల. గుర్తుందా?"

బీరమ్మ కర్ర నేలకు ఆన్చింది. "ఎందుకు గుర్తుండదు? నా చేతులల్లకెళ్ళే గుంజుకపోయిండు ఆ కొల్లాపూర్ జవాను, చెన్నడు. ప్రాణమున్నదొకటి గావాలె, సాబు హుకుం అన్నడు. అప్పుడే మా ఆయన చెవి కోసిండు, నేను పసుపు అద్దుతాన్న. నెత్తురు గూడ ఆరలె."

"ఏ రోజు?"

"ఆకాశంల పిడుగు లెక్క సప్పుడైన రోజు. ఆడబిడ్డ కాలిపోయిందన్నరు సూడు, గా రోజు." ఆమె చూపు ఒక్క క్షణం పందిరి వైపు పోయి వచ్చింది.

రఘుపతి నేల వైపు చూశాడు. పందిరి ముందు అంబలి తాగిన ముంతలు రెండు. ఇక్కడున్నది ఒక్క మనిషి.

"పక్కకు జరుగు బీరమ్మా. నేను మేజర్ మనిషిని కాను. నా పేరు రఘుపతి, కలెక్టరు గారు పంపితే వచ్చాను."

"ఆగు బీరమ్మా, రానీ," అంది లోపలి నుంచి ఒక గొంతు.

పందిరి కింద గొంగడి కప్పుకుని పడుకున్న యువతి మోచేతి మీద లేచింది. ఒక కాలికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ. రఘుపతి గంటన్నర కిందట ఈ ముఖాన్ని దండ వెనక చూశాడు. ఒక్క గీత కూడా మారలేదు.

"ఇవాళ తారీఖు ఎంత?" అంది మంజులత.

"మే పదిహేడు."

"ఆరు రోజులేగా! ఈమె రెండేళ్ళంటోంది."

"అరవై ఆరు, అమ్మా. పందొమ్మిది వందల అరవై ఆరు."

ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. తర్వాత గొంతు సరిచేసుకుని, పైలట్ నివేదిక ఇస్తున్నట్టు మొదలుపెట్టింది.

"నాకు పదహారున్నర గంటలు. ఆ వేగంలో కాలం మందగిస్తుందని కాగితాల మీద లెక్క వేశారు గాని, ఇంతని ఎవరికీ తెలియదు. ఇంజన్ సిద్ధంగా లేదు, ఎగరనన్నాను. ఎల్లేశం పిస్తోలు చూపించి ఎక్కించాడు. నేను బతికొస్తే ఆ మాట చెబుతానని అతనికి తెలుసు. ఇవాళ నాలుగూ పదికి దిగాను. ఇంజన్ ఆర్పేసి, చీకట్లో, జారుకుంటూ. దిగడంలో కాలు విరిగినా, జవాన్లు పరుగెత్తి వచ్చేలోగా కడ్డీ పీక్కుని ఇటు పాకాను."

"ఆర్పేసి ఎందుకు?"

"వెనక ఒకటి ఉంది."

బయట మంద ఒక్కసారిగా కదిలి మళ్ళీ కుదురుకుంది.

"ఎనిమిదో గంటలో డేగ ఆగిపోయింది. దేనికో అతుక్కున్నట్టు. ఏమీ కనిపించదు. గోడలన్నీ ఒక్కసారి బిగిసి వదిలాయి. తర్వాత ఇంజన్ ఆర్పి చూశాను. కడ్డీ చల్లబడాలి. ఇలాంటి ఇంజన్ దగ్గర్లో మండుతుంటేనే అది వేడెక్కుతుంది. చల్లబడలేదు! పెరిస్కోపు అద్దంలో వెనక్కి చూస్తే, దూరంగా అవే రెక్కలు, అదే ముక్కు. మనకు రెండో డేగ లేదు రఘుపతి గారూ. ఇంజన్ వెలిగించినప్పుడల్లా అది దగ్గరికొచ్చింది. ఆర్పినప్పుడు తడబడింది. ఐదింటికి ఎల్లేశం ఇంజన్ వెలిగిస్తే దానికి మన ఇల్లు చూపించినట్టే."

"కడ్డీ ఎక్కడ?"

"గుర్వయ్యకిచ్చాను, తీసుకుపోయి కృష్ణలో పడెయ్యమని. బయలుదేరుతుంటే, జవాన్లు నౌకను తోసి పెట్టిన షెడ్డులోంచి గొర్రెపిల్ల అరిచింది. దాన్ని దింపడం నేను మరిచిపోయాను."

బీరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇంత మంద కళ్ళముందటే ఉన్నది. ఆ ఒక్కదాని కోసం పోయిండు. ఏమంటం సారూ, పోకుంట ఉండలేడు."

కడ్డీతో సహా వెళ్ళాడు! రఘుపతికి గుర్వయ్య చూపులు గుర్తొచ్చాయి. బల్ల మీద ఉన్నవి ఐదు వస్తువులు. జానెడు కడ్డీ పట్టేది ఒక్కదానిలోనే. కంపుకు భయపడి ఎవరూ వేలు పెట్టనిది కూడా అదొక్కటే.

ఇప్పుడది మేజర్‌కిస్తే గుర్వయ్య బతుకుతాడు, ఇంజన్ వెలుగుతుంది. ఇవ్వకపోతే గుర్వయ్య తుపాకుల ముందు నిలబడతాడు.

"కూర్చోగలరా జీపులో?" అన్నాడు మంజులతతో. "రెండేళ్ళ కిందట చచ్చిపోయినవాళ్ళు సాక్ష్యం చెప్పకూడదని ఏ చట్టంలోనూ లేదు."

బీరమ్మ ఒక మేకను పట్టి ముంతలోకి పాలు పితికింది. "నేనూ వస్త. ఆ పిల్లకు పాలు తాపాలె."

*

నాలుగూ నలభైకి రఘుపతి ఒక్కడే కావలి గదిలోకి వచ్చాడు. గుర్వయ్యను బల్ల ముందుకు తెచ్చారు. గొర్రెపిల్ల అతని కాళ్ళ దగ్గర. చెన్నయ్య తుపాకితో తలుపు దగ్గర. మేజర్ సైనిక కోర్టుకు పంపే కాగితం మీద సంతకం చేస్తున్నాడు.

"దొరికిందా?"

"చాలా దొరికాయి. మూడు రోజుల కిందట వచ్చిన లారీ చక్రాల గుర్తు ఆ దారిలో ఒక్కటీ లేదు. రెండో నౌక అని మీరు చెప్పేదానికి అంకె ఇవాళ పొద్దున పడింది. వేసింది చెన్నయ్య. మే పదకొండున బయలుదేరిన గడియారం ఇంకా పన్నెండో తేదీలోనే ఉంది, కీ అయిపోకుండా. అదే పదకొండున కోసిన చెవి ఇంకా ఆరలేదు. రెండో నౌక లేదు మేజర్. ఇవాళ నాలుగూ పదికి మొదటి డేగ తిరిగొచ్చింది. మీ కళ్ళతో బూడిదవడం చూసిన డేగ."

మేజర్ కలం మూత పెట్టాడు.

"తెలివైనవారే. దళానికి నేను పొద్దున్నే కబురిచ్చాను, ఖాళీ నౌక తిరిగొచ్చిందని. పైలట్ బూడిద కూడా లేదని. అంకె మీలాంటి బయటివాళ్ళ కోసం. ఇది సైనిక రహస్యం. తెలిసినందుకు మీరూ ఇవాళ బయటికి పోరు. కడ్డీ మాత్రం వీడే దొంగిలించాడు. వీడి శిక్ష మారదు."

"పైలట్ అనుమతి లేకుండా తీసుకుంటేనే శిక్ష అన్నారు."

"పైలట్ చచ్చిపోయింది!"

"ఎవరు చెప్పారు మీకు, కెప్టెన్ ఎల్లేశం?"

బీరమ్మ భుజం మీద చెయ్యేసి, గొంగడి కప్పుకుని మంజులత గుమ్మంలో నిలబడింది. గోడ మీది ఫొటో, గుమ్మంలోని ముఖం ఎదురెదురుగా ఉన్నాయి. చెన్నయ్య నోరు తెరిచాడు. అప్పుడు తనకు తెలియకుండానే మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు.

"మేడం... నేనే... పిల్లను మీ చేతికిచ్చింది..."

"గుర్తుంది చెన్నయ్యా. కడ్డీ నేనే గుర్వయ్యకు అప్పగించాను. కట్లు విప్పు."

"విప్పితే కాల్చేస్తాను," అన్నాడు మేజర్. పిస్తోలు ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ఎవరూ చూడలేదు.

చెన్నయ్య ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తుపాకి గోడకు ఆనించి, గుర్వయ్య వెనక్కి వెళ్ళి ముడి విప్పసాగాడు. "కాల్సుకో సాబ్. రెండేండ్ల సంది నిద్ర లేదు నాకు."

గుర్వయ్య చేతులు రుద్దుకోలేదు. వంగి గొర్రెపిల్లను ఎత్తుకున్నాడు. బీరమ్మ ముంత అందించింది. నాలుగూ యాభై రెండు.

అప్పుడు రఘుపతి ముక్కుకు వాసన తగిలింది. ఇంగువ కాదు, వేపాకు కాదు. ఊలు కాలుతున్న వాసన.

బల్ల మీద వెదురు బొంగు నోటికి కుక్కిన ఊలు ఉండ పొగలు కక్కుతోంది. అందరూ చూస్తుండగానే బొంగు పక్క గోధుమరంగులోకి, తర్వాత నల్లగా తిరిగింది. ఫట్టుమని పగిలింది. చీలికలోంచి ఎర్రగా కాలుతున్న జానెడు కడ్డీ బయటపడి బల్లను మాడుస్తూ దొర్లింది.

మేజర్ పిస్తోలు దించాడు. పాతికేళ్ళ పుస్తక భాష ఒక్కసారిగా జారిపోయి, కేతేపల్లిలో పుట్టిన పిల్లవాడు బయటికొచ్చాడు.

"ఎవ్వడు ముట్టిచ్చిండు ఇంజను? ఎవ్వడు?"

"కడ్డీ లేనిదే అది వెలగదు మేజర్," అన్నాడు రఘుపతి మెల్లగా. "కడ్డీ ఇక్కడుంది."

చెన్నయ్య షెడ్డుకు పరుగెత్తాడు. నిమిషంలో తిరిగొచ్చాడు, ముఖం తెల్లబడి. "సల్లగున్నది సాబ్. చెయ్యి వెట్టి సూసిన. మన డేగ సల్లగనే ఉన్నది."

మంజులత కడ్డీని చూస్తూ నిలబడింది. "నేను పట్టుకున్నప్పుడు గోరువెచ్చగా ఉండేది. ఇంత ఎరుపు ఎప్పుడూ చూడలేదు."

బల్ల మీది టెలిఫోను మోగింది. నాలుగోసారి మోగినప్పుడు రఘుపతే ఎత్తాడు. దళం పెద్దలతో వస్తున్న అధికారి, మల్లేపల్లి నుంచి. గొంతులో ఉత్సాహం పొంగుతోంది.

"మేజర్! మేం రాకముందే ఎగరేశారా? డేగ ఇప్పుడే మా తల మీంచి మీ వైపు వెళ్ళింది. అద్భుతం! ఒక్కటే అర్థం కాలేదు. రెక్క మీద పేరు అలా రాయించారేమిటి? అద్దంలో చూసినట్టు, మొత్తం తిరగబడి ఉంది!"

రఘుపతి తన అరచేతి వైపు చూసుకున్నాడు. ఆ జిడ్డు ఇంకా పోలేదు. మైనం మీద తీసిన అచ్చు ఎప్పుడూ తిరగబడే ఉంటుంది.

గుర్వయ్య ఒళ్ళో గొర్రెపిల్ల పాలు తాగడం ఆపి, చెవులు నిక్కించి, పైకప్పు వైపు తలెత్తింది.